షీర్‌పలా ఎక్కుతానన్న తూరాన్ ఖానుమ్

టీవీలో ఫిరంగి పేలి కొత్త ఏడు వచ్చిందని తెలియగానే, తూరాన్ ఖానుమ్ మొలకలూ పళ్ళూ పేర్చిన హఫ్త్‌సీన్ పండగ బల్ల ముందు కళ్ళు మూసుకుని, ప్రతి నౌరూజ్‌కీ అనే మాటే మళ్ళీ పైకి అంది.

"ఈ ఏడు నేను షీర్‌పలా ఎక్కుతాను."

కూతురు నెగీన్ తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, "వెల్లుల్లి వచ్చింది, ఆపిల్ వచ్చింది, వెనిగర్ వచ్చింది, అమ్మ షీర్‌పలా కూడా వచ్చేసింది. ఇంక ఏడు మారినట్టే," అంది.

"పదమూడో రోజున మొలకల్ని తీసుకెళ్ళి వాగులో వదిలేస్తాం కదా, ఈ మాటని కూడా అందులోనే వదిలేసి వస్తుంది మీ అమ్మ," అన్నాడు భర్త ఫరామర్జ్, సోఫాలో కాలు చాపుకుని.

అందరూ నవ్వారు. తూరాన్ కూడా నవ్వింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. తన కోరిక మీద తనే ముందు నవ్వేసేది, ఇంక మిగతావాళ్ళు నవ్వరా?

షీర్‌పలా అంటే ఆకాశంలో ఉన్న శిఖరమేమీ కాదు. టెహ్రాన్ నెత్తిమీద కూర్చున్న కొండల్లో, దర్‌బంద్ నుంచి ఒక పూట ఎక్కితే వచ్చే రాతి విడిది. శుక్రవారం వచ్చిందంటే సగం ఊరు ఆ దారిలోనే ఉంటుంది. ఫరామర్జ్ అచ్చు కార్ఖానాలో పనిచేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, ఒక్క శుక్రవారం మానలేదు. గురువారం సాయంత్రం తూరాన్ ఆకుకూరలు సన్నగా తరిగి కూకూ వేయించేది. అతని బూట్లకు మైనం పట్టించేది. ఊళ్ళోవాళ్ళకు పెళ్ళి బట్టలు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ మఖమల్‌తో కుట్టిన సంచిలో రొట్టె, కూకూ, వాల్‌నట్లు సర్ది తలుపు పక్కన పెట్టేది. తెల్లవారకముందే అతను వెళ్ళిపోయేవాడు. ఆమె అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళేది. అత్తగారు చాలా ఏళ్ళు మంచం మీదే ఉన్నారు. ఆ తర్వాత నెగీన్ పరీక్షలొచ్చాయి, ఆ తర్వాత నెగీన్ పిల్లాడొచ్చాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఎవరని ఏనాడూ ఎవరూ అడగలేదు.

వయసులో ఉన్నప్పుడు ఒకటి రెండు సార్లు ఆమే అడిగింది, నన్నూ తీసుకెళ్ళవా అని. "అక్కడ ఇనుప తాడు పట్టుకుని రాతి మీద పాకాలి తూరాన్. నీవల్ల కాదు," అన్నాడు ఫరామర్జ్. ఆమె నమ్మింది. సాయంత్రం అతను ఎర్రబడిన ముఖంతో వచ్చి ఎక్కడ మంచు జారింది, ఎక్కడ గాలి తోసింది చెబుతుంటే, ఒళ్ళో పెళ్ళికూతురి గౌను వేసుకుని అంచు కుడుతూ వినేది. అలా వినీ వినీ ఆ దారి మలుపులన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి.

మొన్న చలికాలంలో ఫరామర్జ్ మోకాలు పూర్తిగా మొండికేసింది. ఇక కొండ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచి అతను సోఫాకు అంటుకుపోయాడు. టీ వేడిగా లేదని, కిటికీ సందులోంచి గాలొస్తోందని ఏదో ఒకటి సణుగుతూనే ఉంటాడు.

పండగ మూడో రోజున అతని కొండ స్నేహితులు చూడ్డానికొచ్చారు. ఆ జట్టుకు పెద్ద నోజర్ ఆఘా. బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి, మర్యాదల పుట్ట. గుమ్మం దగ్గర ముందు మీరంటే ముందు మీరని అంతసేపు నిలబడి, ఇల్లంతా చలిగాలితో నింపి గానీ లోపలికి రాడు. ఆయన పిస్తా ఒలుస్తూ నిట్టూర్చాడు.

"ఫరామర్జ్ ఆఘా లేని కొండ మాకు కొండే కాదు ఖానుమ్. ఇంతకాలం మీ కూకూ తిన్నాం, మీరు లేని లోటు ప్రతి శుక్రవారం చెప్పుకున్నాం. ఇప్పుడు కనీసం మీరైనా వచ్చి ఆ లోటు తీర్చాలి."

ఇది పిలుపు కాదు. ఆ దేశంలో పుట్టిన పసిపిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. అయ్యో నేనెక్కడ, మీకెందుకు శ్రమ, అని ఇటువైపు వాళ్ళు రెండు మూడుసార్లు వద్దనాలి. అటువైపు వాళ్ళు రెండు మూడుసార్లు బతిమాలాలి. ఆ తర్వాత అందరూ మరో టీ తాగి ఆ ముచ్చట మర్చిపోవాలి. ఆ ఆటను తూరాన్ జన్మంతా తప్పు లేకుండా ఆడింది. ఆ పూట మాత్రం, టీ పళ్ళెం చేతిలో పట్టుకుని, మొదటి పిలుపుకే, "వస్తాను," అంది.

నోజర్ ఆఘా చేతిలో పిస్తా చేతిలోనే ఉండిపోయింది. ఫరామర్జ్ ముఖం పాలిపోయింది.

"మీ పాదం మా కంటి మీద," అన్నాడు నోజర్ ఆఘా చివరికి. ఇంక అనకేం చేస్తాడు?

వాళ్ళటు వెళ్ళగానే ఫరామర్జ్ మొదలుపెట్టాడు. "మాటవరసకన్నాడే, మర్యాదకి. దానికి వస్తాననేస్తావా? నా పరువు తీశావు."

"మర్యాదకే అన్నాడని తెలుసు. నేనే మర్యాదకి అనలేదు."

"కాలు విరిగితే?"

"ఇద్దరం సోఫాలో కూర్చుందాం. చాలా పెద్ద సోఫా."

గురువారం నోజర్ ఆఘా ఫోన్ చేశాడు, గాలి వచ్చేట్టుందట ఖానుమ్, వచ్చే వారం చూద్దామా అని. తూరాన్ కిటికీలోంచి చూసింది. కొండ కడిగినట్టు కనిపిస్తోంది. "కొంచెం గాలొస్తే నాకు మంచిదే, చెమట పట్టదు," అని ఫోన్ పెట్టేసింది. ఒక ముసలిదాన్ని వెంటేసుకుని నడవాలంటే వీళ్ళకెంత నామోషీయో అనుకుని మనసు చివుక్కుమంది. అయినా కూకూ వేయించింది.

శుక్రవారం తెల్లవారకముందే దర్‌బంద్‌లో కొండెక్కే మనిషి విగ్రహం దగ్గర జట్టు కలిసింది. ఆమె కాళ్ళకు నెగీన్ పాత బూట్లు, భుజాన మఖమల్ సంచి. వాగు పక్క మెట్లెక్కుతుంటే దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ముక్కూ మొహం తెలియకపోయినా, "అలసట దరిచేరకూడదు," అని పలకరిస్తూ పోతున్నారు. తననే అంటున్నారని తెలియడానికి తూరాన్‌కు కాసేపు పట్టింది. ఇన్నేళ్ళు అంట్లు తోమినా, రాత్రింబగళ్ళు మిషను తొక్కినా ఎవరూ అనని మాట ఇది. ఆమె ప్రతివాళ్ళకూ ఆగి మరీ బదులు చెబుతుంటే జట్టు ముందుకు సాగడం లేదు.

పస్ఘలె ఊరు దాటాక, తీగ మీద జనాన్ని పైకి లాగే కుర్చీల లిఫ్టు ఆగే చోటుకు దగ్గర్లో ఒక టీ కొట్టు ఉంది. దాని ముందుకు రాగానే నోజర్ ఆఘా అడుగు వేగం పెంచాడు. "ఇక్కడొద్దు ఖానుమ్, టీ బాగుండదు, పైన తాగుదాం." కానీ లోపల్నుంచి కొట్టు యజమాని యదుల్లా సంచిని చూడనే చూశాడు.

"ఆ ఆకుపచ్చ సంచి ఫరామర్జ్ ఆఘాదే కదా. ఆయనేడి? చలికాలం నుంచీ కనబడ్డం లేదు. వాల్‌నట్ చెట్టు కింద ఆయన మంచం ఎవరికీ ఇవ్వలేదు నేను. ఇన్నేళ్ళు వీళ్ళు పైకెళ్ళి దిగొచ్చేదాకా ఇక్కడే కూర్చుని నాతో పాచికలాడి నన్ను ఓడించేవాడు. ఇప్పుడు ఓడిపోదామన్నా మనిషి లేడు."

నోజర్ ఆఘా నేల చూపులు చూశాడు.

తూరాన్ భుజాన సంచి దించింది. వెళ్ళి ఆ తివాచీ పరిచిన మంచం మీద కూర్చుంది. నోజర్ ఆఘా ఎదురుగా నిలబడి, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా చెప్పుకొచ్చాడు. చాలా ఏళ్ళ కిందట ఫరామర్జ్ మంచులో జారాడు. దెబ్బ తగల్లేదు గానీ భయం పట్టుకుంది. ఆ తర్వాత వారం ఇక్కడ ఆగిపోయాడు, ఆ తర్వాత వారం కూడా. "ఇంట్లో చెప్పొద్దన్నాడు. స్నేహితుడు కదా ఖానుమ్. మీరొస్తానన్నప్పుడు మేం భయపడింది మీ కాళ్ళ గురించి కాదు."

అతను అబద్ధమాడాడని ఆమెకు అంత బాధ కలగలేదు. మగవాళ్ళు కొండల గురించి కొంచెం పెంచి చెబుతారు, అది ఆమెకు తెలియనిది కాదు. కానీ పక్క మంచం మీద ఒక ముసలావిడ, ఇంట్లో వేసుకునే చెప్పులతో, మనవరాలి చేయి పట్టుకుని వచ్చి కూర్చుని చెర్రీ జామ్‌తో రొట్టె తింటోంది. ఇక్కడికి రావడానికి ఇనుప తాడు అక్కర్లేదు. అత్తగారిని ఒక్క పూట ఆడపడుచుకు అప్పగించి ఉంటే, ఏ శుక్రవారమైనా ఈ చెట్టు కింద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. తీసుకురాలేక కాదు, తీసుకురాలేదు. తూరాన్‌కు కోపం ముంచుకొచ్చింది. టీ గ్లాసు తాగకుండానే పక్కకు నెట్టేసింది.

"ఇక్కణ్ణుంచి దిగిపోదాం ఖానుమ్," అన్నాడు నోజర్ ఆఘా మెల్లగా. "కాళ్ళు నొప్పెట్టాయని చెప్పండి. నేనూ అదే చెబుతాను. మీరు పైదాకా వెళ్ళొస్తే ఆయన ఇంక తలెత్తలేడు."

ఆమె చాలాసేపు చెట్టును చూస్తూ కూర్చుంది. ఆయన చెప్పిందీ నిజమే. సోఫాలో ఉన్న ఆ మనిషికి ఇంక మిగిలింది ఆ కొండ కబుర్లే. వాటినీ లాక్కుంటే ఏమవుతాడు? కానీ మళ్ళీ వచ్చే నౌరూజ్‌కి బల్ల ముందు కళ్ళు మూసుకుని అదే మాట అనాలా? అప్పుడు కూడా నవ్వాలా?

"ఆయన తలెత్తుతాడో లేదో సాయంత్రం చూసుకుంటాను," అంటూ లేచింది. "పదండి."

పైన దారి నిటారుగా ఉంది. ఇనుప తాడూ ఉంది, అది అబద్ధం కాదు. చన్నీళ్ళలా చల్లగా ఉన్న తాడును రెండు చేతులా పట్టుకుని, మొన్నటి మంచుకు తడిసిన రాతిమీద కాలు పెట్టినప్పుడు ఫరామర్జ్ భయం ఆమెకూ అర్థమైంది. రెండుసార్లు కూర్చుండిపోయింది. వెనక వచ్చే కుర్రాళ్ళు ఆగి, "అలసట దరిచేరకూడదమ్మా," అంటే, "ఎప్పుడో వచ్చి నెత్తినెక్కింది బాబూ, మీరు ముందుకు పోండి," అంది.

విడిది గోడ కనిపించాక ఆమె ఎవరి చేయీ పట్టుకోలేదు. పైకి వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. కింద పొగలో మునిగిన ఊరు. అందులో ఎక్కడో తన వంటిల్లు. ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. నోజర్ ఆఘా ఈసారి మర్యాదకేమీ అనకుండా సంచి విప్పి కూకూ ఆమె చేతిలో పెట్టాడు. తను చేసిన కూకూ కొండమీద ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. చల్లారిపోయింది, ఉప్పు కొంచెం తక్కువైంది.

సాయంత్రం ఆమె తలుపు తీసేసరికి ఫరామర్జ్ సమావర్ మీద టీ కాచి కూర్చున్నాడు. ఎప్పుడూ చెయ్యని పని. ఆమెవైపు చూడకుండానే అడిగాడు.

"ఎక్కడిదాకా?"

"షీర్‌పలా."

"తాడు పట్టుకున్నావా?"

ఆమె అరచేతులు చాపింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అతను వాటిని చూసి తల వంచుకున్నాడు.

"యదుల్లా సలాం చెప్పమన్నాడు," అంది తూరాన్. "నీ మంచం ఎవరికీ ఇవ్వలేదట."

ఫరామర్జ్ సమావర్ కొళాయి తిప్పి ఆమె గ్లాసులో టీ పోశాడు.

"ఎప్పట్నుంచని అడగవా?"

"అడగను. ఒక్కటే అడుగుతాను. ఆ చెట్టు కిందికి నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

"ఇంతేనా అనుకుంటావని." అతను గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "కార్ఖానాలో నేనెవర్ని? అక్షరాలు పేర్చేవాణ్ణి. ఈ ఇంట్లో నన్ను పెద్దవాణ్ణి చేసింది ఆ కొండొక్కటే. నువ్వలా కుడుతూ వింటుంటే..." అని ఆగిపోయాడు.

తూరాన్ కూర్చుని బూట్లు విప్పింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. "నా కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు," అంది. ఆ బురద బూట్లను అతని ముందుకు తోసింది. "గురువారానికి వీటికి మైనం పట్టించు."

ఫరామర్జ్ ఒక బూటు చేతిలోకి తీసుకుని, గోటితో మట్టి గీకడం మొదలుపెట్టాడు. అతను పెట్టిన టీ మరీ నల్లగా ఉంది. అయినా ఆమె తాగింది. సగం గ్లాసు అయ్యాక, "చెట్టు కింద నువ్వు లేని లోటు కనబడింది," అంది. "మర్యాదకి అనడం లేదు. శుక్రవారం కుర్చీల లిఫ్టులో పైకి రా. పాచికలాడుకో. నేను ఎక్కొచ్చేదాకా కూర్చో."

"లిఫ్టులోనా?" అన్నాడు అతను. జన్మంతా ఆ లిఫ్టును చూసి వెక్కిరించిన మనిషి. "ఆ దారిలో నన్నెరగనివాడు లేడు. అందులోంచి దిగితే జనం ఏమంటారు?"

"ఏమంటారు, తూరాన్ ఖానుమ్ మొగుడొచ్చాడంటారు."