సెకనుకు ముప్పై బొమ్మలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, లాక్‌డౌన్ రెండో చలికాలంలో జర్మనీలో, కెమ్నిట్జ్‌లోని నా హాస్టల్ గదిలో ఉన్నవి ఇవి: ఒక మంచం, ఒక బల్ల, రెండు మానిటర్లు, ఒక రైస్ కుక్కర్, అమ్మ పంపిన కారప్పొడి సగం డబ్బా, కిటికీ అవతల మంచు, ఇంకా నేను. బైబిల్ కూడా ఉంది, కానీ ఎత్తు సరిపోక దాన్ని మానిటర్ కింద పెట్టాను. ఈ మాట దాచి మిగతాది చెబితే అది సాక్ష్యం కాదని ముందుగా ఇదే రాస్తున్నాను.

నేను ఇంజనీరింగ్ చదువుకున్నవాణ్ణి, కొలవనిదే నాకు తోచదు. క్లాసులు ఆన్‌లైన్ అయి, మనిషి ముఖం కనబడడం ఆగిపోయిన ఆ రోజుల్లో నన్ను నేను కొలవడం మొదలుపెట్టాను. ఒక పట్టిక చేసుకున్నాను: థీసిస్ ఎన్ని పేజీలు, ఎన్ని గంటలు పని, ఎంతసేపు వృథా, ప్రార్థన చేశానా లేదా, చివరి గడిలో ఆ రోజుకి నాకు నేను వేసుకునే మార్కు, పదికి ఎంత అని. మొదట్లో ఏడు వచ్చేది, తర్వాత ఐదు, తర్వాత రెండు, మార్కు తగ్గేకొద్దీ భయం పెరిగి, భయం పెరిగేకొద్దీ తిండి తగ్గి, వంటగదిలో ఎవరైనా ఉంటే నీళ్లకు కూడా బయటికి వెళ్లలేని స్థితికి వచ్చాను, ఒక వారమంతా సున్నాలే వేసుకున్నాను. ఇంత తక్కువ మార్కు వచ్చే మనిషి బతికి ఏం లాభం అనే ఆలోచన వచ్చింది. అది ఆలోచనలా కూడా అనిపించలేదు, లెక్క తేలిన జవాబులా అనిపించింది. అదే నాకు ఎక్కువ భయం.

ఆ కాలంలో నాకున్న ఒకే ఒక బయటి పని ఒక అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో పార్ట్‌టైమ్ ఉద్యోగం. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి ఆడేది, జర్మనీలో కూడా దీనికి జట్లున్నాయి. వీడియోలు చూసి ఆటగాళ్లను కొలిచి రిపోర్టు రాయడం నా పని. ఆ ఏడు కొత్తగా పెట్టిన ఒక చిన్న పోటీకి జట్లన్నీ వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకున్నాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మా క్లబ్బు ఎంచుకున్నవారిలో యోనాస్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉన్నాడు. అతను వైడ్ రిసీవర్, అంటే పక్క నుంచి పరిగెత్తి దూరంగా విసిరిన బంతిని పట్టేవాడు. రిటర్న్ స్పెషలిస్ట్ కూడా, అంటే అవతలి జట్టు తన్నిన బంతిని అందుకుని ఎదురు పరిగెత్తి మోసుకొచ్చేవాడు. ఎంచుకున్న అందరికీ జట్టులో చోటు ఉండదు, శుక్రవారం ఉదయం కోచ్ జాబితా ఖాయం చేస్తాడు. మైదానాలు మూసి ఉన్నాయి కనుక కొందరు ఇంటి నుంచే వీడియోలు పంపారు. యోనాస్ వీడియోలు వాళ్ల చెల్లెలు ఫోనులో తీసింది.

నేను అతణ్ణి జాగ్రత్తగానే చూశాను. విసిరినవి ముప్పై ఒకటి, పట్టినవి ఇరవై ఆరు. కొన్నిటిని చేతులతో కాక ఛాతీకి అదుముకుని పట్టాడు, అది లోపం. మలుపు దగ్గర వేగం తగ్గించడు, అది గొప్ప గుణం. తన్నిన బంతి కిందికి తొందరగా చేరి కాళ్లు నిలుపుకుంటాడు. ఇక వేగం. బంతి చేతిలో పడ్డాక మొదటి పది మీటర్లకు వీడియోలో ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, గడిచాయో లెక్కపెట్టి, సెకనుకు ఎన్ని బొమ్మలో ఆ అంకెతో భాగించాలి. యాభై నాలుగు బొమ్మలు. భాగిస్తే రెండు సెకన్ల పైన పదహారు వందో వంతులు వచ్చింది. మా క్లబ్బు హద్దు రెండు సెకన్లు. "చేతులు బాగున్నాయి, కాళ్లు నెమ్మది, రిటర్న్‌కు పనికిరాడు" అని రాసి బుధవారం పంపేశాను.

ఇక్కడ రత్నం అన్న సంగతి చెప్పాలి. జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తూ, ఆదివారం జూమ్‌లో మన తెలుగు ప్రార్థన కూడిక నడిపేవాడు. నేను కెమెరా ఆపుకుని, మ్యూట్‌లో కూర్చుని, ఆమెన్ టైపు చేసి వెళ్లిపోయేవాణ్ణి. ఆ వారం అన్న ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నీకు ముఖం ఉందా, లేక ఆ నల్ల డబ్బాయేనా? సరేలే, ఈస్టర్‌కి అందరం ఎవరి ఇంట్లో వాళ్లం పాట పాడి పంపుతున్నాం. నువ్వు అతికించి పెట్టాలి. నీది కూడా కలుపు."

నాకు పాట రాదన్నాను.

"మాకు మాత్రం వచ్చా ఏంటి. పంపరా."

పద్నాలుగు మంది పంపారు. నాది నేను తీయలేదు. గురువారం మధ్యాహ్నం వాటిని ఒకచోట పెట్టి నడిపితే, ష్వైన్‌ఫర్ట్‌లో చదివే ఒక చెల్లి పెదవులు పాటకు వెనకబడ్డాయి, పాట ముందుకు పోతోంది, ఆమె ఇంకా మొదటి చరణంలోనే నోరు కదుపుతోంది. ఎందుకా అని ఆ ఫైలు వివరాలు తెరిచాను. ఆమె ఫోను సెకనుకు ముప్పై బొమ్మలు తీసింది, నేను వాటిని ఇరవై ఐదు చొప్పున నడిపాను. మా క్లబ్బు కెమెరాలు ఇరవై ఐదే తీస్తాయి కనుక నా చేతికి ఆ అంకె అలవాటైపోయింది.

సహోదరులారా, అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. యోనాస్ వీడియో కూడా ఫోనుదే. తెరిచి చూశాను, ముప్పై. యాభై నాలుగును ముప్పైతో భాగిస్తే ఒక సెకను, ఎనిమిది పదో వంతులు. జాబితాలో ఉన్న రిటర్నర్లందరికంటే అతనే వేగం.

మరునాడు ఉదయమే నిర్ణయం. నేనింకా ప్రోబెట్సైట్‌లో ఉన్నాను, ఆ పరీక్షా కాలంలో ఎప్పుడైనా వద్దనవచ్చు, పైగా వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, రెండు వారాల్లో ఉంది, అక్కడ ఈ ఉద్యోగం కాగితమే చూపించాలి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నేను మానిటర్ కింది బైబిల్ బయటికి తీసి, మానిటర్ కిందికి జారి వంకరగా నిలబడితే అలాగే వదిలేసి, మోకాళ్ల మీద ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నేను ఒకడికి తప్పు లెక్క కట్టాను. చెప్పే ధైర్యం నాకు లేదు, అది నువ్వే ఇవ్వాలి. నన్ను కూడా నేను తప్పు లెక్క కట్టుకున్నానేమో, అది కూడా నువ్వే చూడు." ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఏడ్చాను, ఏడ్చి లేచి కోచ్‌కు ఫోన్ చేశాను.

కోచ్ అంతా విన్నాడు.

"ఇది ఇంకెవరైనా చూశారా?" అని అడిగాడు.

లేదన్నాను.

"అంటే నువ్వు చెప్పకపోతే ఆ కుర్రాణ్ణి రేపు ఇంటికి పంపేవాణ్ణి. సరే, ఫోను వీడియోలన్నీ మళ్లీ కొలిచి సాయంత్రంలోగా పంపు. సోమవారం మామూలుగా పనిలోకి రా."

యోనాస్‌కు చోటు దొరికింది. ప్రేక్షకులు లేని మైదానంలో తొలి ఆటలోనే ఒక బంతిని జారవిడిచాడు, తర్వాతి బంతిని అందుకుని నలభై మీటర్లు మోసుకొచ్చాడు. ఆట అయ్యాక మాస్కుతో దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి క్షమించమని అడిగాను. "నన్ను నెమ్మది అన్నది నువ్వేనా? పర్వాలేదు. కానీ తప్పు ఫోనుదని మాత్రం మా చెల్లితో అనకు, ఊరుకోదు" అని నవ్వాడు.

ఇక నా విడుదల. కోచ్‌తో మాట్లాడిన ఆ గురువారమే రత్నం అన్నకు ఫోన్ చేసి నా పట్టిక సంగతి, బతకడం ఎందుకు అనిపించిన సంగతి, మొత్తం చెప్పాను. అన్న ప్రసంగం చేయలేదు.

"ఎన్ని రోజులు రాశావురా?"

"నూట పన్నెండు."

"సున్నా వేసుకున్న రోజుల్లో దేవుడు నీకు ఊపిరి ఆపాడా?"

"లేదన్నా."

"మరి ఆయన దగ్గర వేరే లెక్క ఉన్నట్టే కదా. ఆ ఫైలు తీసెయ్, నేను లైన్‌లోనే ఉంటా. తీసేసి యూనివర్సిటీ డాక్టర్‌కి టెర్మిన్ పెట్టు. ప్రార్థన నేను చేస్తా, మందు ఆయన ఇస్తాడు, రెండూ కావాలి నీకు."

తీసేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లాను, మాట్లాడించారు, మందు ఇచ్చారు, వేసవి వచ్చేసరికి నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, వంటగదిలోకి వెళ్లి పక్క గది కుర్రాడికి మన కారప్పొడి రుచి చూపించి అతని కళ్ల నీళ్లు చూసి నవ్వాను. ఇది నా శక్తి కాదు, నా తెలివి అయితే అసలే కాదు, నా తెలివి ఏం చేసిందో పైన రాశాను. మహిమ అంతా నా దేవునిదే. అన్నకు, కోచ్‌కు, డాక్టర్‌కు, వెనకబడిన పెదవులతో నన్ను నిలబెట్టిన ఆ చెల్లికి నేను ఎంతో కృతజ్ఞుణ్ణి.

ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఒక గదిలో ఒంటరిగా కూర్చుని మీకు మీరే సున్నా వేసుకుంటుంటే, ఆ కలం ఒక్కసారి పక్కన పెట్టండి. ఎవరికైనా ఫోన్ చేయండి, మిమ్మల్ని చేసినవాణ్ణి అడగండి, ఆయన్ను నమ్మండి. నేను నమ్మాను, ఆయన నా చేయి విడవలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కెమెరా తెరిచి, శృతి లేకపోయినా పాట మొత్తం పాడి, వీడియోలో కింది వరస చివర కలిపాను. ఈస్టర్ ఉదయం కూడికలో అన్న దాన్ని వేశాడు.

అందులో ముఖాలు పదిహేను.