పలకల మీది ఎర్రమన్ను

ఈ రోజు మా క్వార్టరు గోడలకు రంగు పడాలి. పడలేదు. తప్పు నాదే.

గిద్దలూరు స్టేషను పక్కన రైలు కంపెనీ ఇచ్చిన ఇల్లు ఇది. బయటి గోడలన్నీ చెక్క పలకలు. ఎల్లుండి దొర తనిఖీకి వస్తాడని మద్రాసు నుంచి ఆకుపచ్చ రంగు డబ్బాలు పంపించారు. రంగులేసే మస్తాన్ మామ పొద్దున్నే వచ్చి పాత రంగు గీకడం మొదలుపెట్టాడు. వసారాలో, వాన తగలని కింది పలకల దగ్గర ఆగిపోయాడు.

"ఏంది అల్లుడా ఇది, చెక్కకు ఎర్రమన్ను పూసినారు? దీని మీద రంగు నిలవదు."

పూసింది నా భార్య. పుల్లలచెరువులో మట్టి గోడల మధ్య పెరిగిన మనిషి. చెక్కదైనా గోడ గోడే అని ప్రతి శుక్రవారం అలికేది. నేను నవ్వేవాణ్ణి. ఆమె జ్వరంతో పోయి రెండేళ్లయింది.

మామ నీళ్లు చల్లి గుడ్డతో రుద్దాడు. తడిమన్ను వాసన లేచింది. అచ్చం ఆ శుక్రవారాల వాసన.

మధ్యాహ్నానికి పలకలు ఆరాయి. మామ వాటిని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రంగు డబ్బా మూత తీశాడు. పలకల సందుల్లో ఇంకా కాస్త ఎరుపు ఉంది.

"ఇంకోసారి తడుపు మామా," అన్నాను.

"మళ్లా తడిపితే రేపటిదాకా ఆరదు. రంగు ఎప్పుడు ఏసేది?"

"రేపు వేద్దువులే."

ఆయన నా ముఖం చూసి, మూత పెట్టేసి, నీళ్ల చెంబు అందుకున్నాడు.

దొర అడిగితే చెక్క ఆరలేదని చెబుతాను. అది అబద్ధం కాదు. రేపు కూడా ఆరకపోతే ఏం చెప్పాలో మీరే చెప్పండి.