లోడర్‌కి దండం పెట్టబోయిన రోజు

నా చిన్నప్పుడు, మిషిగన్‌లో కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో, మా నాన్న ఇంజనీరు ఉద్యోగం పోయింది. ఫార్మింగ్టన్ హిల్స్ ఊరు దాటాక ఉన్న ఒక కంకర యార్డులో లోడర్లకి సర్వీసింగ్ చేసే పనిలో చేరారు. లోడర్ అంటే ముందు పెద్ద తొట్టి ఉండి, కంకర ఎత్తి లారీల్లో పోసే బండి. అప్పట్నుంచి నాన్న మాటలు తగ్గాయి. తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం మానేశారు. సిగ్గుపడుతున్నారని అమ్మ ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను.

దసరాకి పనిముట్లకి పూజ చేస్తాం కదా, అమ్మ కుంకుమ పొట్లం ఇచ్చి నన్నూ నాన్నతో యార్డుకి పంపింది. నాన్న లోడర్ కీళ్ళకి గ్రీజు పట్టించి, ఎయిర్ ఫిల్టర్ దులిపి, తొట్టికి బొట్టు పెట్టారు.

"ఏం ఇంజనీరూ, మెషీన్‌కి రక్తం కారుతోందా?" అన్నాడు యార్డు ఫోర్‌మన్. నాన్న కూడా నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కొన్నాళ్ళుగా తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ ఆయిల్ తగ్గిపోతోందట. ఎక్కడ పోతోందో చూడటానికి నాన్న ఫోర్‌మన్ చేత ఇంజన్ స్టార్ట్ చేయించారు. నేను ఇంట్లో చేసినట్టే బండిని తాకి కళ్ళకద్దుకుందామని, దగ్గరగా కనిపించిన రబ్బరు గొట్టం వైపు చెయ్యి చాచాను. నాన్న నా చేతి మీద ఫెళ్ళున కొట్టారు. అంతకుముందెన్నడూ నన్ను కొట్టలేదు.

"దండం పెడుతున్నా, అంతే. వాళ్ళ ముందు నీకు షేమా నాన్నా?" అన్నాను ఏడుస్తూ.

ఆయన నన్ను వెనక్కి జరిపి, పొడుగాటి అట్టముక్క తెచ్చి, నా చెయ్యి వెళ్ళబోయిన చోట పెట్టారు. అక్కడ కంటికి ఏమీ కనిపించలేదు. అయినా అట్ట మీద నల్లటి తడిగీత పడింది, చూస్తుండగానే అది చీలింది.

గొట్టానికి పడ్డ సూదిమొనంత చిల్లులోంచి ఒత్తిడితో వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుందని, పైకి చీమ కుట్టినట్టే ఉన్నా చెయ్యే తీసేయాల్సి రావచ్చని తర్వాత లైబ్రరీలో చదివాను. బడిలో ఎవరూ చెప్పలేదు, అల్మారాల మధ్య నేనే వెతికి పట్టుకున్నాను.

నాన్న తొట్టి నేలకి దింపించి, ఇంజన్ ఆపించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. లారీలు వెయిట్ చేస్తున్నాయని ఫోర్‌మన్ గొణిగాడు. అతని ఎదుటే నాన్న కందిన నా చెయ్యి పట్టుకుని తొట్టికి ఆనించారు.

"ఇక్కడ పెట్టుకో అమ్మడూ దండం. ఇక్కడ భయం లేదు."

తానూ తాకి కళ్ళకద్దుకున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా నాతో కటువుగా ప్రవర్తిస్తే, అది సిగ్గా, కోపమా అని తేల్చేముందు, వాళ్ళు దేనికి భయపడుతున్నారో వెతుకుతాను. అన్నిసార్లూ దొరకదు. అయినా వెతుకుతాను.