అక్క పట్టిన ఒక్కపొద్దులు

మా తోడికోడలు పోయిందని ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జమ్మలమడుగులో మా ఇంట్లో దీపం వెలిగిస్తున్నాను. క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచీ భయపడుతున్న ఫోనే. దినాలకు వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు, అంత రోగంలో కూడా ఒక్కపొద్దులు మానలేదు, ఎంత భక్తో అని. ఆ మాట నాకు గొంతు దిగలేదు. పదో తరగతి తరవాత పెద్దగా ఏమీ రాయని నేను ఇప్పుడు కలం పట్టింది అందుకే.

ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా సంగటి అడుగంటితే, ఆ మాడిన ముద్ద తన కంచంలో వేసుకుని, తనకు అదే ఇష్టమని అందరికీ చెప్పేది. పూజలంటే మాత్రం నవ్వేది. "నువ్వు ఒక్కపొద్దులుండు మే, నేను ప్రసాదం తింటా. పుణ్యం ఇద్దరం పంచుకుందాం" అనేది.

అలాంటి మనిషి రోగం వచ్చాక శనివారం ఒక్కపొద్దు పట్టింది. తరవాత సోమవారం, ఆపైన గురువారం. కష్టంలో దేవుడు గుర్తొస్తాడులే అనుకున్నారు అందరూ. నేను అనుకోలేకపోయాను. మొదట నా అనుమానం బావ మీదికి పోయింది. ఆసుపత్రిలో సూదులకు ప్రభుత్వ కార్డు ఉంది గానీ, పోను రాను ఖర్చులకూ, బయట కొనే నొప్పి మాత్రలకూ, డాక్టరు తాగమన్న పాలకూ లేదు. ఖర్చుకు వెనకాడి ఆయనే పస్తు పెడుతున్నాడేమోనని వెళ్లినప్పుడల్లా ఆయన ముఖం గమనించేదాన్ని. పాలు పోసే ఆమెను చాటుగా అడిగితే, ఒక్కపొద్దని పాలు వద్దన్నది అక్కేనని చెప్పింది.

ఒక శనివారం ముందుగా చెప్పకుండా బస్సెక్కి వెళ్లాను. బావ ఇంట్లో లేడు. అక్క వంటింట్లో కూర్చుని సద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఎర్రగడ్డ కొరుక్కుంటోంది. ఒక్కపొద్దున్న మనిషి సద్ది తినదు, ఉల్లి ముట్టదు. దేవుడి గూట్లో ప్రమిద ఎండిపోయి ఉంది.

"ఎవరికక్కా ఈ ఒక్కపొద్దు?" అని మెల్లగా అడిగాను.

ఆమె ఎర్రగడ్డ దాచలేదు. "రాజుపాలెం చేనుకు" అంది.

ఆమె వైద్యం కోసం బావ ఆ చేను బేరం పెట్టాడట. "ఆ చేను తప్ప ఆయనకేముండాది మే? అదంతా నా నోట్లో పోసి, రేపు ఆయన కూలికి పోవాల్నా? ఖర్చు వద్దంటే వినడు. దేవుని పేరు చెబితేనే ఊరుకుంటాడు."

"మరి మాత్రలు?"

"ఒక్కపొద్దునాడు మందు మింగకూడదని చెప్పినా. నమ్మినాడు."

నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తోందో ఆమె చెప్పలేదు. కొంగు అంచు పంటిగాట్లతో చిరిగి ఉంది. బావకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టు తప్పలేదు. కానీ తరవాతి శనివారం నేతి పరమాన్నం వండి డబ్బాలో తీసుకెళ్లి, గుడి ప్రసాదమని బావ ఎదుటే ఆమె చేతికిచ్చాను. ప్రసాదానికి ఒక్కపొద్దు అడ్డు రాదని, తీర్థంతో మింగితే మాత్రకూ దోషం లేదని బావకు చెప్పాను. పూజల విషయంలో ఆ ఇంట్లో నా మాటకు ఎదురు లేదు.

ఆయన ముందు కాదనలేక అక్క నా వైపు అనుమానంగా చూసింది. "ఏ గుడి మే, ఇంత నెయ్యి పోసేది?"

"తెలిసిన గుడేలే అక్కా."

తినింది. మాత్ర మింగింది. ఆ మధ్యాహ్నం కొంగు వదిలేసి నిద్రపోయింది. ఆ తరవాత పోయేదాకా ప్రతి ఒక్కపొద్దుకూ డబ్బా పట్టుకెళ్లాను. చేను అమ్ముడుపోలేదు.

ఇప్పుడు బావ శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాడు. ఆమె మొక్కు మధ్యలో ఆగిపోయిందని, తాను పూర్తి చేయాలని అంటాడు. మొన్న శనివారం మళ్లీ పరమాన్నం తీసుకెళ్లాను. మూత తీసి చాలాసేపు చూసి, "ఏ గుడి ప్రసాదమమ్మా ఇది?" అన్నాడు.

అచ్చం అక్క అడిగినట్లే అడిగాడు. ఆయనకు ఏమీ తెలియదా, మొదటి నుంచీ అంతా తెలుసా? ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. అందుకే ఈ కాగితాలు చదివే మీలో ఎవరి దగ్గరున్నా భద్రంగా దాచండి, ఆయనకు మాత్రం చూపించకండి. ఆ రోజు నేను బస్సుకు లేచేసరికి కూడా ఆయన తినలేదు, మూత పెట్టలేదు. పరమాన్నం మీద నెయ్యి పేరుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడు.