అటక మీది స్వెట్టరు

ఈ మాట పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. అమ్మతో చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనతోనూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి నా పక్కనే కూర్చుని, సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చినప్పుడు కూడా చెప్పలేదు. ఆమె పోయి నలభై రోజులైంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఆమె మా పిన్ని, అమ్మకు చెల్లెలు. పదహారో ఏట చేతుల మీద మొదలైన బొల్లి మెడ దాకా, పెదవుల చివరి దాకా వచ్చింది. పెళ్ళి కాలేదు. మా ఇంట్లోనే ఉండేది. నన్ను పెంచింది ఆమే అంటే అమ్మ కూడా కాదనదు. నాన్నగారి లాల్చీ నుంచి తమ్ముడి నిక్కరు దాకా అన్నీ ఆమె మిషను మీదే తయారయ్యేవి. అక్షరాలు కూడా ఆమే దిద్దించింది. నేను పుస్తకాల మనిషిని అయ్యానంటే ఆ పలక దగ్గర మొదలైనదే.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. బీరువా అడుగు అరలో ఉన్న ఆల్బమ్ తడిసి ముద్దయింది. అమ్మానాన్నల పెళ్ళి ఫోటోలో పందిరి మిగిలింది, మొహాలు పోయాయి. అందరం బతికే ఉన్నాం కదా, అమలాపురం వెళ్ళి స్టూడియోలో ఒక ఫోటో తీయించుకుందాం అన్నారు నాన్నగారు.

"ధనుర్మాసంలో వెళదామండి బావగారూ. చెమటలు పట్టవు, మొహాలు బాగా వస్తాయి" అంది పిన్ని.

అంతకుముందు ఆమె ఎప్పుడూ ఫోటోకి నిలబడలేదు. చలికాలమే ఎందుకందో నాకప్పుడు తోచలేదు. మర్నాటి నుంచి కాఫీరంగు ఊలుతో స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. మెడ ఎత్తుగా, చేతులు సగం అరచేతిని కప్పేంత పొడుగ్గా. మా వైపు స్వెట్టరు వేసుకునే చలి ఏడాదికి పది రోజులుంటే ఎక్కువ. ఆ పది రోజుల్లో మాత్రం, ఒళ్ళంతా కప్పుకున్న మనిషిని ఎందుకని ఎవరూ అడగరు.

ఎవరేం వేసుకోవాలో చూసే పని నాకప్పగించారు. నాకు పదిహేడేళ్ళు, కాలేజీలో చదువుతున్నాను. ఏదో పత్రికలో రంగుల బొమ్మ చూసి, అందరూ మీగడరంగూ మెరూనూ, ఆ రెండే కట్టుకోవాలని తీర్మానించాను. మంచం మీద బట్టలు పరిచాను. అమ్మకు మెరూను చీర, నాకు మీగడరంగు పరికిణీ మీద మెరూను ఓణీ, నాన్నగారికీ తమ్ముడికీ మీగడరంగు. ఆ వరస చివర పిన్ని తన స్వెట్టరు పెట్టింది.

"రంగు కలవడం లేదు పిన్నీ" అన్నాను.

"కాఫీలో మీగడ కలవదంటే ఎవరైనా నవ్వుతారే అమ్మడూ" అంది.

నేను నవ్వలేదు. మర్నాడు పొద్దున్నకల్లా ఆ స్వెట్టరు మెడ చుట్టూ, చేతుల చివర మెరూను ఊలు అంచు వచ్చింది. "ఇప్పుడు నేనూ మీ పార్టీయేనా?" అంది, నా ముందు పట్టుకుని. నాకు ఇక సాకు మిగల్లేదు.

నిజానికి అడ్డొచ్చింది రంగు కాదు. ఆ ముందు నెల నా స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. పిన్ని జంతికల పళ్ళెం ఇస్తే తీసుకుంది గాని, ఒక్కటీ నోట పెట్టకుండా కుర్చీ కిందకి జరిపింది. వీధి చివర దాకా సాగనంపుతుంటే, "ఆవిడ మీకేమవుతారే?" అని అడిగింది. ఏమీ కాదన్నాను. కుట్టుపనికి వస్తుందన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆ మాట? ఆ అమ్మాయి మళ్ళీ మా ఇంటికొస్తే హాల్లో గోడ మీద ఆ ఫోటో ఉంటుంది. అందులో పిన్ని అమ్మ భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంటుంది. నా భయమల్లా అదే.

మా ఇంటి అటక మీద కురిడీ కాయలుండేవి. లోపల కొబ్బరి ఎండి గలగలలాడే దాకా ఏడాది పాటు అక్కడే ఉంచి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి పంపేవారు. కింది నుంచి వంటింటి పొగ తగులుతుండేది. పొగ, నూనె, పీచు కలిసిన ఆ వాసన బట్టకు పడితే ఉతికే దాకా పోదు. నిచ్చెనెక్కి ఆ కాయల మధ్య కూర్చుని చదువుకునేదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోటోకి వెళ్ళే రోజు పొద్దున్న, పిన్ని స్నానానికి వెళ్ళినప్పుడు, స్వెట్టరు తీసుకెళ్ళి ఆ కాయల వెనక కుక్కాను.

"అమ్మడూ, నా స్వెట్టరు చూసేవా?"

"లేదు పిన్నీ."

"ఈ పెట్టె మీదే పెట్టేనే."

"చూళ్ళేదన్నాను కదా."

ఆమె పెట్టె అంతా తిరగేసింది. మంచం కిందా చూసింది. నాన్నగారు వీధిలోంచి, "బస్సు వచ్చేస్తుందమ్మా!" అని రెండుసార్లు కేకేశారు. మూడోసారికి పిన్ని అరుగు మీదికి వచ్చింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది.

"మీరెళ్ళిరండి బావగారూ. నాకు తలనొప్పిగా ఉందండి."

అప్పటికైనా చెప్పి ఉండొచ్చు. నిచ్చెన ఎక్కి దిగడానికి ఎంతసేపు? నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. ఆమె నా దగ్గరికొచ్చి, కొంగులోంచి చేతులు బయటికి తీసి, జారుతున్న నా ఓణీ కుచ్చిళ్ళు సర్ది పిన్నీసు పెట్టింది. "నవ్వు మొహంతో నిలబడు" అంది.

స్టూడియోలో మంచుకొండల పరదా ముందు మమ్మల్ని నలుగుర్నీ నిలబెట్టారు. ఫోటో తీసేవాడు కెమెరాలోంచి చూసి తలెత్తాడు. "ఇంతేనాండీ? ఇంకెవరన్నా రావాలాండీ? ఈ పక్కన కొంచెం ఖాళీ ఉందండి."

నాన్నగారు నోరు తెరిచేలోపే "ఇంతేనండీ" అన్నాను.

ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా స్వెట్టరు దింపి, పిన్ని పెట్టెలో బట్టల అడుగున దోపాను. సాయంత్రం ఆమె పెట్టె తెరవడం గుమ్మంలోంచి చూశాను. స్వెట్టరు దొరికింది. విదిలించబోయి ఆగింది. మొహం దగ్గరికి తీసుకుంది. వాసన చూసింది. ఆ వాసన ఎక్కడిదో ఆమెకు తెలుసు, అక్కడికి ఎక్కేదెవరో తెలుసు. తలతిప్పి నన్ను చూసి, "దొరికిందే. అడుగునే ఉంది, నా మతిమరుపు" అంది.

నా తప్పును ఆమె తన మతిమరుపు కింద మార్చుకుంది. ఆ పూట నాకు ఇష్టమని ఆనపకాయ పులుసు పెట్టింది.

ఆ స్వెట్టరు ఆమె ఒక్కరోజూ వేసుకోలేదు. ఫోటో మాటా మళ్ళీ ఎత్తలేదు. నా పెళ్ళి జాకెట్లన్నీ తనే కుట్టింది. మా పాప పుట్టినప్పుడు రాజోలు ఆసుపత్రికి వచ్చి, సంచీలోంచి చిన్న టోపీ తీసి పాప తలకు తొడిగింది. కాఫీరంగు టోపీ, మెరూను అంచు.

"విప్పి అల్లేసేనే. పెట్లో ఉండి ఏం చేస్తుంది?" అంది.

నేను ఏడ్చాను. నీరసంగా ఉందేమోనని హార్లిక్స్ కలిపిచ్చింది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్నని అనుకోవాలనే ఉంది. కానీ నన్ను నేను ఎరుగుదును.

కర్మ రోజుకి పటం కావాలన్నారు. ఇల్లంతా వెతికితే ఓటరు కార్డొక్కటే దొరికింది. దాన్నే పెద్దది చేయించారు. బొల్లి ఎక్కడో, వెలుతురు ఎక్కడో తెలియకుండా మొహం సగం చెరిగిపోయింది. దండ వేస్తూ నాన్నగారు, "ఆ రోజు తలనొప్పి రాకపోయుంటే మనకి మంచి ఫోటో ఉండేదమ్మా" అన్నారు. నేను పక్కనే అగరువత్తులు వెలిగిస్తున్నాను.

నిన్న హాల్లోంచి ఆ పాత ఫోటో దించి, తుడిచి, చాలాసేపు చూశాను. అమ్మ జాకెట్టు, నాన్నగారి లాల్చీ, తమ్ముడి చొక్కా కాలరు, నా పరికిణీ అంచు, అన్నీ ఆమె కుట్టినవే. నా భుజం మీద పిన్నీసు కూడా కనబడుతోంది. పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను అంత పని చేశాక కూడా ఆమె నన్ను పదకొండేళ్ళు అంతకు ముందులాగే చూసింది. ఆ చూపు నాకు దక్కింది. ఇంతకంటే పెద్ద సంగతి నా జీవితంలో జరగలేదు. ఆమె క్షమించిందని మాత్రం అనను. ఆ మాట ఆమె అనలేదు, నేను అడగలేదు.

ఈ కాగితాలు రేపు నాన్నగారికి ఇస్తాను. ఆయన అద్దాలు పెట్టుకుని మెల్లగా చదువుతారు. ఏమంటారో తెలియదు. ఏమన్నా సరే, ఈ ఒక్క ముక్క బయటపడ్డాక, చాలా రోజుల తర్వాత, ఊపిరి అడుగు దాకా అందుతోంది.

ఆ రోజు పిన్నికి తలనొప్పి లేదండీ, నాన్నగారూ.