రెండో గోలా

దయ్యం మాట నా ముందు ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడూ మండేది, ఇప్పుడూ మండుతుంది. నాందేడ్ వజీరాబాద్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు రేడియోలు, గడియారాలు బాగుచేసినవాణ్ణి. "సేఠ్, రేడియో దానంతటదే మాట్లాడింది" అని వణుక్కుంటూ వచ్చిన గిరాకీలను చాలామందిని చూశాను. విప్పి చూస్తే లోపల ఊడిన తీగో, చచ్చిన బొద్దింకో ఉండేది. కాబట్టి నాకు మతి చలించిందని అనుకోబోయేవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయొచ్చు, నాకేం నష్టం లేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. రేడియో కింద పడలేదని గిరాకీలు పిల్లల మీద ఒట్టు పెట్టుకుని చెబుతారు. విప్పితే పగిలిన మూల కనపడుతుంది. అందుకే మనిషి అబద్ధమాడతాడు గాని మెషీన్ ఆడదని రోజుకు పదిసార్లు అనేవాణ్ణి. ఆ మాటే మా బావ కొంప ముంచింది.

బావ అంటే మా అక్క భర్త. ఇది డెబ్బైలనాటి సంగతి, అప్పటికి నాందేడ్‌కు మీటర్ గేజి బండ్లే వచ్చేవి. బావ ఆ లైను మీద ఒక చిన్న స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్. ఆ స్టేషన్ పేరు రాయను. కాపురం నాందేడ్‌లోనే, మా పక్క గల్లీలో. సెలవు రోజు వచ్చిందంటే భోజనం కూడా మా ఇంట్లోనే, ఎందుకంటే మా మేడ మీద మా ఇద్దరి రైల్వే ఉండేది.

నవ్వకండి. మూడేళ్ళు కష్టపడి కట్టాం. పట్టాలకు ఇత్తడి పట్టీలు కోశాం. వాటి కింద అడ్డకర్రలకు బుట్టలల్లే వాళ్ళ దగ్గర వెదురు బద్దలు తెచ్చాం. ఇంజను వనస్పతి డబ్బా రేకుతో చేసింది, దాని లోపలి మోటారు పాడైన టేపు రికార్డరుది. కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టాను. ముందు గది నాందేడ్, వెనక గది ముద్ఖేడ్. మధ్యలో గోడకు కన్నం పెట్టి బండిని పంపేవాళ్ళం. ఆ కన్నం గురించి మా ఆవిడ నన్ను ఎన్ని మాటలందో ఇక్కడ రాయలేను.

నాకైతే బండి తిరిగితే చాలు. బావకు చాలదు. నిజం లైను మీద ఏ పద్ధతో ఇక్కడా అదే పద్ధతి కావాలి. ఒంటి పట్టాల దారిలో ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా స్టేషన్లలో ఒక ఏర్పాటు ఉండేది. ప్రతి స్టేషన్‌లో ఒక పెద్ద ఇనుప పెట్టె, దాని లోపల ఇనుప గుండ్లు. వాటిని గోలా అనేవారు. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుని తన పెట్టె నొక్కితేనే ఇవతల ఒక గోలా బయటికి వస్తుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి డ్రైవర్ చేతికిస్తారు. ఆ గోలా చేతిలో లేనిదే డ్రైవర్ బండి కదల్చడు. అది బయట ఉన్నంతసేపు రెండు పెట్టెల్లో దేని నుంచీ రెండో గోలా రాదు.

"గోలా లేకుంటె అది రైలు కాదు రా, జాత్రల బొమ్మ" అనేవాడు బావ.

సరేనని రేకుతో రెండు చిన్న పెట్టెలు తయారు చేశాను. లారీ గ్యారేజీ నుంచి పాత బేరింగు గుండ్లు పన్నెండు తెచ్చాం. బావ కూర్చుని ఒక్కో గుండు మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు కొట్టాడు. పెట్టెకు ఆరు. కింద ఇనుప గడియ, దాన్ని కరెంటుతో లాగడానికి తీగచుట్ట. రెండు గదుల్లోనూ బొత్తాలు ఒకేసారి నొక్కితే గడియ లేచి ఒక్క గుండు తట్టలో పడుతుంది. అది మళ్ళీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండు పెట్టెలకూ కరెంటు అందదు. నా పనితనం మీద నాకు గర్వం ఉండేది. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతి. ఒక రోజు మధ్యాహ్నం బావ డ్యూటీలో ఉండగా గూడ్సు బండి గోలా తీసుకుని బయల్దేరింది. అది ఇంకా దారిలోనే ఉంది. బావ కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తున్నాడట. పెట్టె తట్టలో టక్కుమని రెండో గోలా పడింది.

ఇంకొకడైతే దాన్ని గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ లోపల వేసి చాయ తాగేవాడు. ఎవరికీ తెలిసేది కాదు. మా బావ అలా చేయలేదు. పెట్టె చెడిపోయింది, దీన్ని నమ్మి బండ్లు పంపలేనని కంట్రోల్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. గూడ్సు చేరాక లైను ఆపేశాడు. ప్యాసింజరు బండి రెండున్నర గంటలు ఎండలో నిలబడింది. జనం స్టేషన్ మీద పడి తిట్టారు.

మెషీన్ చూసేవాళ్ళు వచ్చి రెండు రోజులు పరీక్షించారు. పెట్టె సరిగ్గా ఉందని రాసేశారు. పెట్టె సరిగ్గా ఉంటే మరి తప్పెవరిది? బావే ఏదో గెలికి గోలా తీశాడని చౌకశీ, అంటే విచారణ, పెట్టారు, డ్యూటీ నుంచి తప్పించారు. స్టేషన్‌లో హమాలీలేమో ఎప్పుడో బండి కింద పడ్డ గ్యాంగుమన్ దయ్యమై తీశాడని కథ కట్టారు. ఒక నిజాయితీపరుడి పరువు పోతుంటే వీళ్ళకు దయ్యాల కథలు! నాకు అందరి మీదా కోపం వచ్చింది.

కానీ నేను చేసిందేమిటో వినండి. బావను మేడ మీదికి తీసుకుపోయాను. ఒక గోలా బయట పెట్టి, రెండోదాని కోసం బొత్తాలు నొక్కి చూపించాను. ఒక్కసారి కాదు, బహుశా వంద సార్లు. రాలేదు.

"సూడు బావా, రాదు. ఒకటి బయటుంటె రెండోది రానే రాదు. నువ్వే దేనికో చెయ్యి పెట్టి ఉంటవు, యాది లేదు."

"నేను ముట్టలే రా" అన్నాడు బావ. "నా చేతుల కలం ఉన్నది."

"అయితె నీ పెట్టెను మళ్ళ పడేసి చూపెట్టుమను, నమ్ముత" అన్నాను. నా దుకాణంలో గిరాకీలతో మాట్లాడే గొంతుతోనే అన్నాను. బావ ఆ చిన్న పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు.

పొరపాటు తనదేనని బావ రాసిస్తే ఉద్యోగం ఉంటుందని, మొండికేస్తే ఇంటికి పంపుతారని ఆఫీసు వాళ్ళు చెప్పారు. రాసియ్యమని నేనే బతిమాలాను. అక్క ఒప్పుకోలేదు. "ఆయన ముట్టలేదంటుండు గద" అని ఒకటే మాట మీద నిలబడింది. ఆడవాళ్ళకు మెషీన్ల సంగతి ఏం తెలుస్తుందని అక్కను కసిరాను. సోమవారం నాడు బావ సంతకం చేసి వచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం. మా ఆవిడ పిల్లలతో దెగ్లూర్ పుట్టింటికి పోయింది. దుకాణం మూసి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నేనిచ్చిన సలహా సరైనదేనని మరొక్కసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుందని మేడ మీదికి పోయాను. తలుపు లోపలి నుంచి గడియ వేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

వెనక గదిలో బొత్తాం మీద తూకపు రాయి పెట్టి, ముందు గదికి వచ్చి నా బొత్తాం నొక్కాను. గోలా పడింది. దాని మీద నాలుగో అంకె. వెనక్కి పోయి రాయి తీసేసి పక్కన పెట్టాను. బండి వదిలాను. సరిగ్గా ఇంజను గోడ కన్నంలో దూరుతుండగా కరెంటు పోయింది. ఊరంతా పోయింది, ఎదురింటి పిండిమిల్లు కూడా ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు.

నాలుగో నంబరు గోలా నా అరచేతిలో ఉంది. ఆ బరువు నాకిప్పటికీ గుర్తుంది.

టక్ అని చప్పుడైంది. తట్టలో రెండో గోలా.

తీసి చూస్తే తొమ్మిదో అంకె. భయం వేయలేదు, మొదట పట్టరాని కోపం వచ్చింది, ఎవరో నాతో పరాచికాలాడుతున్నారని. తలుపు గడియ చూశాను, వేసే ఉంది. వెనక గదిలో రాయి నేను పెట్టిన చోటే ఉంది. స్క్రూలు విప్పి రెండు పెట్టెలూ తెరిచాను. లోపలి గడియలు రెండూ కిందికే ఉన్నాయి, ఒక్క నూలుపోగంత కూడా లేవలేదు. ఆ గడియ దాటి గుండు రావాలంటే రేకు చీలాలి. రేకు చీలలేదు. వెనక పెట్టెలో ఆరు, ముందు పెట్టెలో నాలుగు, నా చేతుల్లో రెండు. అంకెలన్నీ సరిపోయాయి.

కరెంటు ఇంకా రాలేదు. తీగచుట్ట గడియను లాగడానికి అక్కడ కరెంటే లేదు. రేడియో లోపల బొద్దింక దొరికినట్టు ఇక్కడేమైనా దొరుకుతుందేమోనని సాయంత్రం దాకా వెతికాను. ఏమీ దొరకలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పక్క గల్లీకి పరుగెత్తాను. బావ మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెప్పిందంతా విన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మంచోనివి రా. నా బాధ సూడలేక గిట్ల చెప్తున్నవు."

"ఒట్టు బావా. నా కండ్లతోని చూసిన."

"మెషీన్‌ల నుంచి రాదని నువ్వే సూపెడితివి గద." పేపరు మడుస్తూ మెల్లగా అన్నాడు. "నేనే తీసిన కావొచ్చు. ఇప్పుడు యాదికస్తున్నది. పెట్టె మీద నా చెయ్యి ఉన్నట్టే కండ్లకు కనపడుతున్నది."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన భయం, గోలా పడ్డప్పుడు కూడా కలగలేదు. ముట్టలేదు, చేతిలో కలం ఉందని పదిసార్లు చెప్పిన మనిషి. జరగనిదాన్ని అతని తలలో పెట్టింది నేను. నా వంద సార్ల పరీక్ష పెట్టింది.

ఊరుకోలేదు. మర్నాడు పెట్టెను గుడ్డలో చుట్టుకుని చౌకశీ చేసిన అధికారి దగ్గరికి పోయాను. పేరు రాయను గాని ఆ మొహం మర్చిపోను. బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "అహో, హే తర్ ఖేళణ ఆహే" అన్నాడు మరాఠీలో, ఇది ఆటబొమ్మ కదా అని. గుమాస్తాలు పడీ పడీ నవ్వారు. పోనీ మళ్ళీ పడేసి చూపించమన్నాడు. పడలేదు. పడుతుందని నేను మాత్రం అనుకున్నానా? ఒక మనిషి ఇరవై ఏళ్ళ నౌకరీ కన్నా ఒక పెట్టె మాట వీళ్ళకు ఎక్కువైందని నేను అక్కడ అరిచాను. బయటికి పంపించారు.

తిరిగి వస్తుంటే అక్క తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. పెట్టెను చూసింది, నన్ను చూసింది. గొంతు పెంచలేదు.

"మనిషి చెప్తె నమ్మకపోతివి తమ్మీ. ఇనుప గుండు చెప్తె నమ్మినవా?"

బావను మళ్ళీ బండ్ల పని మీద పెట్టలేదు. పార్సిల్ ఆఫీసులో మూటలకు చీటీలు అంటిస్తూ రిటైరయ్యాడు. మా మేడ ఎక్కడం మానేశాడు. నేను మాత్రం రెండేళ్ళు ప్రయత్నించాను. ఎండలో, వానలో, కరెంటు ఉన్నప్పుడు, లేనప్పుడు, ఒక గోలా చేతిలో పట్టుకుని తట్ట ముందు కూర్చునేవాణ్ణి. మళ్ళీ ఎన్నడూ పడలేదు. చివరికి పట్టాలన్నీ పీకేశాను.

ఆ మంగళవారం అది ఎలా పడిందో నాకు తెలియదు. బావ స్టేషన్‌లో పడినదానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందేమో, అదీ చెప్పలేను. దయ్యమంటే ఒప్పుకోను, వేరే కారణమూ చూపించలేను. నేను ముట్టలేదు, అది పడింది. నా దగ్గర ఉన్నది ఈ ఒక్క మాటే. బావ కూడా ఈ మాటే చెప్పాడు, నేను మాన్పించేదాకా.