పై పోర్షన్ నీళ్లు

ఆ ఎండాకాలం మా పంపు నన్ను బతకనివ్వలేదు.

తార్నాకలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ నా భార్యా ఉంటాం. పై పోర్షన్లో ఒక టీచరమ్మ అద్దెకుండేవారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, ఒంటరిగా ఉంటారు, సీతాఫల్‌మండిలో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతారు. తొమ్మిదేళ్లలో ఆవిడ మాకు వినబడేలా తలుపు వేసి కూడా ఎరగరు.

మా బోరు నీళ్లు ముందు సంపులోకి వస్తాయి. అక్కడి నుంచి ఒక ప్రెషర్ పంపు రెండు పోర్షన్లకూ తోస్తుంది. ఎవరైనా నల్లా తిప్పితే పైపుల్లో ఒత్తిడి తగ్గి పంపు దానంతటదే మొదలవుతుంది, నల్లా కట్టేస్తే ఒత్తిడి నిండి ఆగిపోతుంది. అలా ఉండాల్సిన పంపు, ఎవరూ చుక్క నీళ్లు వాడకపోయినా మూడు నిమిషాలకోసారి టక్కుమని లేచి, కాసేపు గుర్రుమని, మళ్లీ ఆగేది. అన్నం తింటుంటే టక్. వార్తలు చూస్తుంటే టక్. కునుకు పట్టబోతుంటే టక్.

నేను యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లో పనిచేస్తాను. ముప్పై ఏళ్లుగా ల్యాబుల్లో గేజులూ పంపులూ బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. సొంతింటి పంపుకి ప్లంబర్ని పిలిస్తే క్యాంపస్‌లో తలెత్తుకోగలనా? పొద్దున ల్యాబులో పంపు, సాయంత్రం ఇంట్లో పంపు. ఒళ్లంతా పులిసిపోయేది. అయినా స్క్రూడ్రైవర్ వదల్లేదు. ప్రెషర్ స్విచ్ మూత తీసి స్ప్రింగు బిగించాను, వదులు చేశాను, మళ్లీ బిగించాను. ఒత్తిడి చూపే గేజికి వెళ్లే సన్న గొట్టంలో బోరు నీళ్ల సున్నం పేరుకుంటే పిన్నీసుతో గీకాను. స్విచ్చే కొత్తది వేశాను. పంపుకి నా కష్టం ఏమీ పట్టలేదు.

చివరికి పద్ధతిగా వెతుకుదామనుకుని, మా కింది పోర్షన్‌కి వెళ్లే వాల్వు కట్టేశాను. అయినా గేజి ముల్లు మెల్లగా దిగుతూనే ఉంది. నీళ్లు వెళ్లే దారులు రెండు. ఒకటి మూశాను కాబట్టి పోతున్నది రెండోదాంట్లోనే. ఇంతకంటే రుజువేం కావాలి? పై లైను వాల్వు ఆవిడ బాత్రూం పక్కన ఉంటుంది. ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి వెళ్లి వాల్వు కడతాననడం నాకు మర్యాదగా తోచలేదు. నింద వేయడానికి మాత్రం మర్యాద అడ్డు రాలేదు.

మొదటిసారి మెట్ల దగ్గర మెత్తగానే చెప్పాను. "టీచరమ్మా, మీ నల్లాలు జర చూసుకోండి. ఏదో కారుతున్నట్టున్నది."

"అలాగేనండీ, ఇప్పుడే చూస్తానండీ" అన్నారు.

టక్ టక్ ఆగలేదు. పది రోజుల తర్వాత, "నల్లా మంచిగ బంద్ చేస్తలేరమ్మా, మోటరు కాలిపోతది" అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయారు. నేను వినకుండా లోపలికొచ్చేశాను.

మూడోసారి, ఒక ఆదివారం ఆవిడతో పాటు చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఉన్నారు. అప్పటికే రెండు గంటలుగా పంపు దగ్గర చెమటలు కక్కుతున్నాను. వాళ్ల ముందే నోరు జారాను. "నీళ్ల విలువ తెల్వనోళ్లకు ఇల్లు ఇచ్చుడే నాది తప్పు. ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "అలాగేనండీ" అన్నారు, అంతే. ముగ్గురూ మెట్లెక్కి వెళ్లిపోయారు.

"ఆమె గట్ల చేసే మనిషి కాదు. నీకు తెల్వది..." అంది నా భార్య.

"పంపుల గురించి నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాట ఆ నెలలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

తర్వాతి వారం టీచరమ్మ ఇల్లు తాళం వేసి, చర్చి వాళ్లతో రెండు రోజులు ఊరెళ్లారు. ఇక హాయి అనుకుంటూ టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. టక్.

సిగ్గులేని బుర్ర, అప్పుడు కూడా ఆవిడ కావాలనే నల్లా తెరిచి వెళ్లారనుకుంది. పై పోర్షన్లో వాడిన నీళ్లు వచ్చి పడే చాంబర్ మా పెరట్లోనే ఉంటుంది. మూత ఎత్తి చూశాను. లోపల ఎండిపోయి ఉంది. పైన ఒక్క చుక్క కారినా అక్కడ తడి కనబడాలి.

మరి నీళ్లు ఎటు పోతున్నాయి? మూడో దారి ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద, ఒత్తిడి ఎక్కువైతే పైపులు పగలకుండా ఉండాలని, ల్యాబులో చూసినటువంటి వాల్వు ఒకటి రాణిగంజ్ దుకాణాల్లో వెతికి కొని నా చేతులతో బిగించాను. ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుని, మిగులు నీళ్లను ఒక సన్న పైపు ద్వారా తిరిగి సంపులోకి వదులుతుంది. చప్పుడు కాకూడదని ఆ పైపు కొసను నీళ్లలో ముంచి మరీ పెట్టాను. ఎంత తెలివైన పనో అని క్యాంపస్‌లో నలుగురికి చెప్పుకున్నాను కూడా. ఇంట్లో అన్నిటినీ అనుమానించాను, ఆఖరికి మనిషిని కూడా. నేను బిగించినదాన్ని మాత్రం అనుమానించలేదు.

సంపు మూత తీసి, పైపు కొస బయటికి లాగాను. సన్నగా, ఆగకుండా నీళ్లు కారుతున్నాయి. వాల్వు విప్పితే లోపల బియ్యపు గింజంత సున్నం పెచ్చు ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో తీసి, వాల్వు కడిగి, తిరిగి బిగించాను. పంపు ఒకసారి లేచి ఆగింది. గంటసేపు కూర్చున్నాను. మళ్లీ లేవలేదు. ఆ నిశ్శబ్దం కోసం నెలంతా తపించినవాణ్ణి, దాని పక్కన ఇంక కూర్చోలేకపోయాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ గేటు తీసుకుని రాగానే ఎదురెళ్లాను. నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"టీచరమ్మా, తప్పు నాదే. మీ నల్లాలల్ల ఏం లేదు. నేను పెట్టిన వాల్వే ఖరాబయింది. ఊకెనే మిమ్మల్ని అన్న. మీరు ఖాళీ చెయ్యొద్దు."

ఆవిడ సంచి కింద పెట్టి నావైపు చూశారు. కోపమేమీ లేదు ఆ ముఖంలో. ప్రయాణపు అలసట ఉంది. "పర్లేదండీ. రామంతాపూర్‌లో మా చర్చి వాళ్ల ఇంటికి మాటిచ్చేశాను. ఒకటో తారీఖున వెళ్లిపోతానండీ" అన్నారు. సంచి మళ్లీ అందుకుంటూ అడిగారు. "అయితే అప్పటిదాకా మా వాల్వు తెరుచుకోవచ్చాండీ?"

"ఏ వాల్వు?"

"బాత్రూం పక్కన పైకంతటికీ ఒకటుంది కదండీ, అది. మీరు మొదటిసారి చెప్పిన రోజే కట్టేశానండీ. మా వల్ల మీ మోటారు పాడవకూడదని. పొద్దున మీరు క్యాంపస్‌లో వాకింగ్‌కి వెళ్లినప్పుడు, అమ్మగారినడిగి పెరట్లో నల్లా దగ్గర నాలుగు బిందెలు పట్టుకెళ్తున్నాను."

వెనక్కి తిరిగి నా భార్యను చూశాను. "నాకెందుకు చెప్పలేదు?"

"ఎన్నిసార్లు చెప్పబోతి. చెప్పనిస్తివా?" అంది.

పైన వాల్వు కట్టి ఉన్నా పంపు కొట్టుకుంటోందని తెలిసుంటే, తప్పు ఎక్కడుందో నాకు నిమిషంలో తెలిసేది. ముప్పై ఏళ్ల పనివాణ్ణి, ఆవిడనొక్క మాట అడగలేదు. ఆవిడ నెల రోజులు బిందెలతో ఆ మెట్లెక్కారు.

"తెరుచుకోండమ్మా" అన్నాను.

"థాంక్సండీ" అన్నారావిడ, నేనేదో ఇచ్చినట్టు.